మూట నాదే అన్నవాడు

ఆ సినిమా నేను విశాఖపట్నంలో చూశాను. హాల్లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, లంబసింగి జనాన్ని తీసుకొచ్చి కూర్చోబెడితే స్వెట్టర్లు అద్దెకడుగుతారు. ముందు వరుసలో ఒక పెద్దాయన ఏడ్చిన ఏడుపుకి ఆయన ఒళ్ళోని పాప్‌కార్న్ అంతా నానిపోయింది. నా పక్కనావిడ కర్చీఫు చాలక చున్నీ, చున్నీ చాలక వాళ్ళాయన భుజం వాడుకుంది. తెరమీద కొండవాడి వేషంలో ఉన్న హీరోని స్టేషన్లో కొడుతున్నారు. పదకొండు నిమిషాలు కొట్టారు. వాచీ చూసుకుని మరీ లెక్కపెట్టాను. నా జీవితంలో నేను పెంచి చెప్పని అంకె బహుశా ఇదొక్కటే. ఆఖరికి అతను రక్తం కక్కుతూ "ఆ మూట నాదే" అంటాడు. హాలంతా గుండె పట్టుకుంది. కొండవాడి ముఖం చూసే నేరం అంటగడతారని ఇంత గట్టిగా చెప్పిన సినిమా మరొకటి రాలేదని మర్నాడు పేపర్లలో చదివాను. అందులో నాకేం పేచీ లేదు.

కానీ నాకు ఏడుపు రాలేదు. ఎందుకంటే ఆ మూట నాదే అన్నవాణ్ణి నేనెరుగుదును. అతన్ని ఎవరూ కొట్టలేదు. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. "కొట్టినా బాగుండేది మాస్టారూ, చూపించడానికి ఏదో ఒకటి ఉండేది" అని అతని లాయరే ఒకసారి నాతో అన్నాడు.

నేను అరకు లోయలో ఒక హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. పుట్టింది విజయనగరం వైపు పల్లంలో. బదిలీ మీద కొండెక్కి ఇరవై ఏళ్ళయింది, దిగమని ఎవరూ అనలేదు. తీరిక వేళల్లో హాస్యకథలు రాస్తాను. నా కథల్లో దోమ పిచ్చుకంత, పిచ్చుక కోడంత ఉంటాయి. మా హెడ్మాస్టరు కోపం వస్తే రైలు సొరంగాల్లో ప్రతిధ్వనిస్తుంది. "మీరు గడియారం చూసి టైము చెప్పినా నేను పక్కింటికెళ్ళి కనుక్కోవాలి" అంటుంది మా ఆవిడ.

మూట సంగతికొస్తాను. అప్పటికి చలికాలం. అనంతగిరి వైపు ఒక సంతకి వెళ్ళి షేర్ జీపులో తిరిగొస్తున్నాను. పొద్దు వాలుతోంది, మంచు దిగుతోంది. జీపు లోపల జనం, వెనక జనం, పైన అల్లం బస్తాలూ కోళ్ళ గంపలూ, వాటి మీద మళ్ళీ జనం. మాస్టారు కదా అని డ్రైవరు పక్క సీటు నాకిచ్చారు. ఆ సీటులో నేనూ నా గౌరవమూ కూర్చున్నాం, ఇద్దరికీ ఇరుకుగానే ఉంది. నా వెనక సీట్లో నా పాత శిష్యుడున్నాడు. పదో తరగతి నా దగ్గరే చదివాడు. కాఫీ తోటల్లో పనిచేసుకుంటూ, ఇంటి అల్లం సంతలో అమ్మి వస్తున్నాడు. పాతికేళ్ళుంటాయి. పెళ్ళయి రెండేళ్ళు.

ఘాట్ రోడ్డులో ఒక చెక్‌పోస్టు దగ్గర జీపు ఆపారు. పైన బస్తాల్లో ఒకటి విప్పితే గంజాయి బయటపడింది.

"ఎవడిదిరా ఇది?"

ఎవరూ పలకలేదు. అందర్నీ దింపి రోడ్డు పక్క వరసలో నిలబెట్టారు. నేనూ దిగబోయాను. ఒక కానిస్టేబులు తలుపు మీద చెయ్యేసి, "మీరెందుకు సార్, చలిగా ఉంది, కూర్చోండి" అన్నాడు. నా సంచిలో ఏముందో అడగలేదు. కిలో వంకాయలు తప్ప ఏమీ లేవనుకోండి. కానీ లోపలున్నవి వంకాయలేనని నా ముఖం మీద అతనికి ఎలా కనిపించిందో, బయట నిలబడ్డ ముఖాల మీద ఏం కనిపించిందో నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యీ కూర్చున్నాను. ఇంకొకతను నాకు గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చాడు.

గంటన్నర. ఈ లెక్కా నిజమే. వరసలో నెలలు నిండిన ఒక అమ్మాయి ఉంది, నడుం పట్టుకుని, కిందికి దింపిన బస్తాకి ఆనుకుంది. దగ్గుతో మెలికలు తిరుగుతున్న ముసలాయన ఉన్నాడు. ఎవడో ఒకడు ఒప్పుకునేదాకా కదిలేది లేదని అరుస్తున్నారు. అప్పుడు నా శిష్యుడు వరసలోంచి ఒకడుగు ముందుకేశాడు.

"నాదే బాబూ" అన్నాడు.

ఎవరి కాలో తొక్కినవాడు చెప్పినట్టు చెప్పాడు. వరసలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. అందరూ నెమ్మదిగా జీపెక్కారు. అతను నెలలు నిండిన అమ్మాయిని చూపించి డ్రైవరుతో "ఆ గుంటని ముందు బేగి దించీ" అని కూడా చెప్పాడు. జీపు కదిలింది.

వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతుంది. పల్లం వాళ్ళకి వింతగా ఉంటుంది గానీ నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. మేక చచ్చిపోయినా, కంచె విరిగినా, ఎవరు చేశారో తేలకపోతే ఊరంతా కూర్చుంటుంది. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనం భరించలేనంత బరువయ్యాక ఎవరో ఒకరు లేచి "నాదే" అంటారు. సాధారణంగా వయసులో ఉన్నవాళ్ళే లేస్తారు. అన్నవాడు ఒక పుంజుని ఇస్తాడు. కోసి వండుకుని అందరూ ఒక్క వరసలో కూర్చుని తింటారు. తిన్నాక ఆ మాట ఇంకెవరూ ఎత్తకూడదు. ఎత్తినవాడి మీదికి ఆ తప్పు వెళ్ళిపోతుంది. నిజంగా నువ్వే చేశావా అని ఎవరూ అడగరు. అడిగితే పద్ధతే చెడిపోతుంది. నా శిష్యుడు ఒకసారి ఒక మేక చావుని నెత్తినేసుకున్నాడు. మేక చచ్చిన రోజున అతను నా క్లాసులో కూర్చుని ఛందస్సు తప్పులు చేస్తున్నాడు.

చెక్‌పోస్టు దగ్గర కూడా అతనికి కనిపించింది అదే. చలిలో కొందరు మనుషులు నిలబడ్డారు, మౌనం బరువెక్కింది, ఎవరో ఒకరు లేవాలి. తెల్లారాక ఊరి పెద్ద వస్తాడు, పుంజునిస్తాం, అయిపోతుందనుకున్నాడు. ఆ రోడ్డు మీద ఆ సంగతి తెలిసి, పోలీసులకి వాళ్ళ భాషలో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. దిగి ఒక్క మాట చెప్పాల్సింది. చేతిలో టీ వేడిగా ఉంది.

తర్వాత కోర్టుకి సాక్షిగా వెళ్ళాను. ఎవరూ అడక్కుండానే వెళ్ళాను. నేను చేసిన ధైర్యమైన పని అదొక్కటి, దాన్నీ సక్రమంగా పాడుచేశాను.

"జీపులో ఎంతమంది ఉన్నారు మాస్టారూ?" అని అడిగాడు ఎదుటి లాయరు, చాలా మర్యాదగా.

"వందమంది ఉంటారండి."

నేను అనలేదు, నా అలవాటు అంది.

"జీపులో వందమందా?"

"అంటే, వేలాడేవాళ్ళతో కలిపి. యాభై."

"యాభై?"

"ఇరవై రెండు."

"ఎంతసేపు నిలబెట్టారు?"

"ఒక యుగమండి."

"గంటల్లో సెలవియ్యండి."

"ఆరు... గంటన్నర."

ఎవరో నవ్వారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ నవ్వు వినగానే నాకు హుషారొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ చప్పుడు కోసమే రాస్తున్నవాణ్ణి. మరో రెండు చమత్కారాలు విసిరాను. అవీ పేలాయి. ముద్దాయి బోనులోంచి నా శిష్యుడు కూడా నవ్వాడు, క్లాసులో నవ్వినట్టే.

నవ్వులయ్యాక, మూట తనది కాకపోయినా ఎందుకు నాదే అన్నాడో చెప్పాను. మేక, పుంజు, వరసలో భోజనం, అన్నీ ఉన్నదున్నట్టు, గోరంత కూడా పెంచకుండా చెప్పాను. ఎదుటి లాయరు తలాడిస్తూ విన్నాడు.

"ఇది మీ ఏ పుస్తకంలోది మాస్టారూ?"

తీర్పులో నా గురించి ఒక వాక్యం ఉంది. సాక్షికి అతిశయోక్తి అలవాటని, నమ్మదగినవాడు కాదని. నా రచనల మీద వచ్చిన విమర్శల్లో అంత సూటిగా రాసినది ఇంకొకటి లేదు. అతనికి పదేళ్ళు వేశారు.

ఆ మరుసటి ఏడాది సినిమావాళ్ళొచ్చారు. పదిహేడు కార్లు, మూడు జనరేటర్లు, డైరెక్టరుకి గొడుగు పట్టేవాడొకడు, ఆ గొడుగువాడికి గొడుగు పట్టేవాడొకడు. కొండవాళ్ళకి జరిగే అన్యాయం మీద క్రైమ్ డ్రామా అన్నారు. యాస సరిచూడ్డానికి నన్ను పెట్టుకున్నారు. డైరెక్టరు హైదరాబాదు మనిషి, ఎంత సీరియస్సంటే ఆయన ముందు కోతులు కూడా గెంతేవి కావు, నడిచేవి. మంచివాడు. ఆ మాట పెంచకుండానే చెబుతున్నాను.

హీరో తెల్లటివాడు. అతన్ని కొండవాణ్ణి చెయ్యడానికి రోజూ రెండు గంటలు నల్లరంగు పూసేవారు. మొదటిరోజు అతను కారవాన్‌లోంచి దిగినప్పుడు కాఫీ గంపలు మొయ్యడానికి పిలిపించిన ఆడవాళ్ళంతా పని ఆపి చూశారు. వాళ్ళలో నా శిష్యుడి భార్య ఉంది. ఆమెకి ఆ పని ఇప్పించింది నేనే.

"ఈ బాబుకేటైంది మాస్టారూ? పొయ్యిలో గానీ పడిపోయేడేటి?" అంది.

"మీలాగ కనబడాలని పూశారమ్మా."

ఆమె తన చెయ్యి చాపి చూసుకుంది. చామనఛాయ కంటే ఒక వన్నె మెరుగే.

"మాం ఇలాగుంటామేటి? ఓలమ్మో, మరి మా ఆయన్ని సూసి పోలీసులు జడిసిపోయేరంటే జడవరా!"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. నవ్వుతూనే ఆమె గంప ఎత్తుకుంది. నెలకోసారి పట్నం వెళ్ళి జైల్లో భర్తని చూసి వస్తుంది. మూడు బస్సులు మారాలి.

డైరెక్టరుకి కథలో ఒకచోట ముడి పడింది. హీరో చెయ్యని నేరం ఎందుకు ఒప్పుకుంటాడు? ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను నా శిష్యుడి సంగతి చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపేశాడు. మొత్తం విన్నాక, "ఇది నిజమా, మీరు రాసిందా?" అన్నాడు. భార్య ఇక్కడే ఉందని చెప్పి ఆమెని పిలిచాను. ఆయన లేచి నిలబడి మాట్లాడాడు. పదిహేడు కార్ల మనిషి ఆమె ముందు ఎంగిలిచేత్తో నిలబడ్డాడు.

హైకోర్టులో తన స్నేహితుడొకరు పెద్ద లాయరని, అప్పీలు ఆయన చేత వేయిస్తానని అన్నాడు. అక్కడే ఫోన్ చేశాడు. లాయరు చెప్పింది మాకు వినబడుతూనే ఉంది. తీర్పంతా చదివి చూడాలి గానీ, ఆ జీపులో ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి, మూట అతనిది కాదని, సంతలో అతను అల్లం అమ్మేసి ఖాళీ చేతులతో జీపెక్కాడని ప్రమాణపత్రం ఇస్తే దారి ఉంటుందన్నాడు. "ఆ టీచరు మాట మాత్రం వద్దు. ఆయన వస్తే ఉన్న కేసు కూడా పోతుంది" అన్నాడు. నేను మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

డైరెక్టరు దగ్గర స్టేషన్ సీను రెండు రకాలుగా రాసి ఉంది. ఒకదాంట్లో హీరోని కొడతారు. రెండోది ఆ రాత్రే రాశాడు. చలిలో వరస, ఎవరూ కొట్టకుండానే ఒకడు ముందుకొచ్చి నాదే అనడం. "వాళ్ళు వచ్చి నాకు చెబితే, కెమెరా ముందు కూడా చెబితే, ఇదే తీస్తాను. లేకపోతే జనం నమ్మరు మాస్టారూ. ఊరికే ఎవడు ఒప్పుకుంటాడంటారు" అన్నాడు. శుక్రవారం షూటింగు. మాకు నాలుగు రోజులున్నాయి.

ఆ సాయంత్రం ఆమెతో కలిసి నడుస్తూ, "ఎవరెవరు వస్తారు?" అనడిగాను.

"ఎవురూ రారు."

"అదేంటి? అందరికీ తెలుసుగా అతనిది కాదని."

"తెలీకేటి! కానీ ఆడు నాదే అనీసేడు కదా మాస్టారూ. ఆడు జైలుకెల్లిన వారానికే మా ఊరిపెద్ద ఒక పుంజుని కోసీసేడు, ఆడి పేరు మీద. అందరం తినీసేం. నానూ తిన్నాను. అది అయిపోయిన మాట."

"నీ మొగుడు జైల్లో ఉంటే ఎలా అయిపోయిన మాటమ్మా?"

మలుపు తిరిగాక, "అడుగుతాను" అంది. "అడిగితే తప్పు నా మీదికొస్తాది. రానీ. ఆడొచ్చీసినాక ఇద్దరం పంచుకుంటాం."

ఇప్పుడు ఇది రాస్తున్నందుకు ఆ లెక్కన అది నా మీదికే రావాలి. రావలసింది ఎప్పుడో.

గురువారం పొద్దున్న ఊరంతా ఊరి పెద్ద ఇంటి ముందు కూర్చుంది. నన్ను రానిచ్చారు, అరుగు చివర చోటిచ్చారు. ఆ రోజు జీపులో ఉన్నవాళ్ళలో ఎనిమిదిమంది ఆ ఊరివాళ్ళే. నెలలు నిండిన ఆ అమ్మాయీ ఉంది. ఆమె కొడుక్కి మూడేళ్ళు నిండొస్తున్నాయి, ఒళ్ళో కూర్చుని చెరుకుముక్క నములుతున్నాడు.

నా శిష్యుడి భార్య లేచి నిలబడింది. షూటింగులో గంప మోస్తూ అన్ని జోకులేసే మనిషి మొదలుపెట్టి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

"మా ఆయన మీకోసం నాదే అన్నాడు. నానేటీ అన్నేదు. మూడేళ్ళు అన్నేదు. ఇంకా ఏడేళ్ళుంది. ఆడు సిక్కిపోయేడు. మొన్నెల్తే నన్నే గుర్తుపట్టడానికి జాగయ్యింది. ఇద్దరు రండి సాలు. అల్లం అమ్మీసేడు, వట్టి సేతుల్తో ఎక్కేడు అని సెప్పండి. ఉన్నదే సెప్పమంటన్నాను."

ఎవరూ మాట్లాడలేదు. ఈసారి ఆ మౌనం ఎంత బరువంటే... దానికి నా దగ్గర పోలిక లేదు. పెంచడానికి ఏమీ మిగలలేదు.

ఊరి పెద్ద చాలాసేపు నేల చూశాడు. ముసలివాడు, చెడ్డవాడు కాదు. జైలుకి ఆమెకి తోడుగా నాలుగుసార్లు వెళ్ళినవాడు.

"గుంటా, ఆడు నా సెల్లి కొడుకు. నాకు బాదుండదేటి? నువ్వన్నట్టే ఎల్లేం అనుకో. ఆడిది కాదన్నాం అనుకో. మరెవుడిదిరా అంటారు కదా. అప్పుడేటి సెప్తాం? మళ్ళీ అందర్నీ వరసలో నిలబెడతారు. ఈపాలి ఇంకో గుంటడు నాదే అనాల. ఎవుణ్ణి పంపమంటావు, నువ్వే సెప్పు."

ఆమె వరసగా ఎనిమిదిమంది ముఖాలూ చూసింది. కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయి లేవబోయింది. నేను చూశాను, మోకాళ్ళ మీదికి లేచింది. పిల్లవాడు చెరుకుముక్క పడిపోయిందని ఏడుపు లంకించుకున్నాడు. ఆమె వంగి అది తీసింది, తుడిచింది, వాడి చేతిలో పెట్టింది. మళ్ళీ లేవలేదు.

నాకు ఉండబట్టలేదు. "మీరు భయపడితే ఎలా? కోర్టు ఉంది, చట్టం ఉంది, పెద్ద లాయరున్నాడు" అని మొదలుపెట్టాను. ఇంకా చాలా అన్నాను. పెద్ద నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"మాస్టారూ, మీరు సదువుకున్నోరు. ఆ దినం మీరు జీపు దిగుంటే సరిపోయేది కదా."

మూడేళ్ళలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయనే. అన్నాక ఆయనే ఇబ్బంది పడి, నాకు మంచినీళ్ళు తెమ్మని ఎవరికో చెప్పాడు.

అయిపోయిన మాట ఎత్తినందుకు తప్పు ఆమెదని తేల్చారు. ఆమె వాదించలేదు. ఇంటికి వెళ్ళి, తనే పుంజుని పట్టుకొచ్చి పెద్ద చేతికిచ్చింది. ఎర్రటి పుంజు, మామూలు పుంజు. వంటకి తనే ఉల్లిపాయలు తరిగింది. ఆడవాళ్ళు నలుగురూ ఆమె చుట్టూ చేరి, ఒకరు పొయ్యి ఊదుతూ, ఒకరు అల్లం దంచుతూ, ఏమీ జరగనట్టు పనిచేశారు. ఆ పద్ధతిలో దయ ఉంది. అంత దయ చూసి పారిపోవాలనిపించింది.

డైరెక్టరుకి ఫోన్ చెయ్యడానికి గుట్ట మీదికి ఎక్కాను, అక్కడైతే సిగ్నలుంటుంది. ఎవరూ రావడం లేదన్నాను. ఆయన "సరే మాస్టారూ. ఫైటు మాస్టర్ని రమ్మంటాను" అన్నాడు.

నేను దిగి వచ్చేసరికి అడ్డాకు విస్తళ్ళు వేసి అందరూ వరసలో కూర్చున్నారు. నాకూ ఒక ఆకు వేసి ఉంది. ఆకలి లేదన్నాను. ఆమె కూర గిన్నె పట్టుకుని నా ముందుకొచ్చి ఆగింది. కళ్ళు పొగకి ఎర్రబడ్డాయి.

"కూకోండి మాస్టారూ. ఒకరు తినకపోయినా ఇది అవ్వదు."

కూర్చున్నాను. వేసింది. ఊరి పెద్ద మొదటి ముద్ద ఎత్తాడు, తర్వాత అందరం ఎత్తాం. నేను శుభ్రంగా తిన్నాను, ఎముక కూడా వదల్లేదు. నా శిష్యుడి మాట ఇంకెవరూ ఎత్తలేదు. భోజనాలయ్యాక ఆమె చేతుల మీద నీళ్ళు పోసింది. పోస్తూనే వెనక్కి తిరిగి, రేపు మిరియాల కోతకి వస్తున్నావా, వచ్చేదైతే బేగి లెగాల అని పక్కింటామెని అడుగుతోంది.